చేజారిన డ్రమ్ము కర్ర, దొరికిన నెగటివ్

నిక్ మేసన్ చేతిలోంచి డ్రమ్ము కర్ర జారిపోతుంది. 1971 అక్టోబరు. ఇటలీలోని పాంపే శిథిలాల నడుమ రాతి ఆంఫీథియేటర్. చుట్టూ మెట్లన్నీ ఖాళీ, ఇదంతా ఓ సినిమా కోసం. బ్రిటన్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ ‘వన్ ఆఫ్ దీజ్ డేస్’ పాట మొదలుపెట్టి ఊపందుకుంది. కర్ర పోయినా మేసన్ తడబడడు. పక్కనున్న ఇంకో కర్ర అందుకుంటాడు, తాళం ఎక్కడా తెగదు. ఈ సంగతి ఆ బృందాన్ని అభిమానించేవాళ్లందరికీ తెలుసు. కానీ క్యాసెట్లలో చూసిన తరానికి అది కళ్లతో చూసినదానికంటే ఎవరో చెబితే విన్నదే ఎక్కువ. తెర మీద ఓ మసక, ఓ కుదుపు, అంతే. 2025 ఏప్రిల్లో అదే చిత్రాన్ని 35 ఎంఎం నెగటివ్ (కెమెరాలో తిరిగిన అసలు ఫిల్ము) నుంచి 4కెలో, అంటే ఈనాటి పెద్ద తెరల సన్నని చుక్కల కొలతలో, బాగుచేసి థియేటర్లలో, ఐమ్యాక్స్ తెరల మీద వేశారు. యాభై ఏళ్లుగా కథగా చెప్పుకున్నది అక్కడ మూడంతస్తుల ఎత్తున కనబడింది.

ఆ పాటలో కెమెరా దాదాపు మొత్తం మేసన్ మీదే ఎందుకుంటుందన్నది ఇంకో ముచ్చట. దర్శకుడు ఏడ్రియన్ మేబెన్ డ్రమ్మర్ మీద మోజుపడి తీసింది కాదు. మిగతా ముగ్గుర్నీ తీసిన రీళ్లు పోయాయి. చేతిలో మిగిలిందాన్ని కూర్చి పాట పూర్తి చేశారు. రాక్ సంగీత చిత్రాల్లో అత్యంత ప్రసిద్ధమైన డ్రమ్ము దృశ్యాల్లో ఒకటి అలా పుట్టింది. ఇప్పుడు ఎంత గొప్ప స్కానర్ తెచ్చినా ఆ ముగ్గురూ ఆ పాటలోకి తిరిగి రారు. ఉన్న నెగటివ్ మాత్రం, సరైన పేరు కూడా లేని అయిదు డబ్బాల్లో, బృందం సొంత భాండాగారంలోనే దొరికింది.

పాత రాక్ వీడియోలు కొత్త మెరుపుతో వస్తున్నప్పుడు జీవితాంతం వాటినే నమ్ముకున్న అభిమానికి కలిగే సంబరం బయటివాళ్లకు కాస్త వింతగానే ఉంటుంది. పాట కొత్తది కాదు, దృశ్యం కొత్తది కాదు, ప్రతి సెకనూ అతనికి కంఠతా వచ్చు. మరి ఇంకేం చూస్తాడు? కంఠతా వచ్చింది కాబట్టే చూస్తాడు. చిన్నప్పటినుంచీ వల్లెవేస్తున్న పద్యంలో ఇన్నాళ్లూ ఒక అక్షరం తప్పు చదువుతున్నామని తెలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. యాంప్లిఫయర్ మీది దుమ్ము, గిటారు చెక్క మీద గీరుకున్న చోట, పాడేవాడి నుదుటి చెమట: ఇవన్నీ ఆనాడు కెమెరా ముందు ఉన్నవే. చూపించే స్తోమత ఆనాటి టీవీలకు లేదు.

అయితే ‘4కె’ అనే ముద్ర పడిన ప్రతి వీడియోలోనూ ఆ సంబరానికి తగ్గ సరుకు ఉండదు. ముద్ర ఒక్కటే, దాని కింద వచ్చేవి రెండు పూర్తిగా వేరే వస్తువులు. వాటిని విడదీయడానికి అడగాల్సిన ప్రశ్న ఒకటే: దేన్నుంచి తీశారు?

ఫిల్ము మీద బొమ్మ రసాయన చర్యతో పడుతుంది. వెండి లవణాల సన్నని రేణువులు వెలుగు తగిలిన మేరకు మారతాయి. అందులో గీతలూ చుక్కల లెక్కలూ ఉండవు. 35 ఎంఎం నెగటివ్ ఒక్కో ఫ్రేములో దాగున్న వివరం ఈనాటి 4కె తెరకు సరిపోతుంది, తీసిన లెన్సూ వెలుతురూ బాగుంటే. వీడియో టేపు సంగతి వేరు. అది బొమ్మను అడ్డగీతలుగా కోసి, ఒక్కో గీతనూ విద్యుత్ సంకేతంగా మార్చి అయస్కాంత పూత మీద రాసుకుంటుంది. బ్రిటన్‌లో, మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో 625 గీతలు, అందులో బొమ్మకు పనికొచ్చేవి 576. అమెరికా పద్ధతిలో 525, బొమ్మకు దక్కేవి దాదాపు 480. టేపు ఎంత భద్రంగా దాచినా, ఎంత ఖరీదైన యంత్రం మీద ఆడించినా ఆ గీతల్ని మించి అందులో ఏమీ లేదు. కొలత చూడాలంటే లెక్క తేలికే. పాల్ బొమ్మను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే 720 అడ్డం 576 నిలువు, అంటే నాలుగు లక్షల పైచిలుకు చుక్కలు. 4కె తెర మీద దాదాపు 83 లక్షలు. టేపు బొమ్మను 4కెకి సాగదీస్తే ప్రతి ఇరవై చుక్కల్లో పంతొమ్మిది యంత్రం ఊహించి పెట్టినవే.

క్వీన్ బృందం రెండు కచేరీలను పక్కపక్కన పెడితే ఈ తేడా పాఠం చెప్పినట్టు తెలుస్తుంది. 1981 నవంబరులో మాంట్రియాల్‌లో చేసిన కచేరీని సినిమా కోసం 35 ఎంఎం ఫిల్ము మీద తీశారు. అది 2024 జనవరిలో ఐమ్యాక్స్‌కి ఎక్కింది, ఆ తెర మీద నిలబడింది కూడా. 1985 జులై 13న వెంబ్లీలో లైవ్ ఎయిడ్ అనే సహాయ కచేరీ వేదిక మీద అదే బృందం చేసిన ఇరవై నిమిషాల ప్రదర్శన దానికంటే ఎన్నో రెట్లు ప్రసిద్ధం. కానీ అది టీవీ ప్రత్యక్ష ప్రసారం, టేపు మీదికెక్కింది. నాలుగేళ్లు ఆలస్యంగా పుట్టిన దృశ్యం నాలుగేళ్లు ముందున్నదానికంటే ముసలిదిగా కనబడుతుంది. ఆ రోజుల్లో టేపే కొత్త సాంకేతికత. చవక, వేగం, తీసిన వెంటనే చూసుకోవచ్చు. ఫిల్ముకేమో లాబు ఖర్చు, ఎదురుచూపు. డబ్బున్నవాళ్ల జిడ్డు పద్ధతి అనిపించుకున్నదే చివరికి ఆయుష్షు ఎక్కువున్నదని తేలింది.

మన దగ్గరికి ఈ పాటలు వచ్చేసరికి మసక ఇంకో రెండు పొరలు ఎక్కేది. 1991లో స్టార్ టీవీ ఉపగ్రహంతో పాటు ఎమ్‌టీవీ మన ఊళ్లలో దిగింది. అమెరికా పద్ధతిలో ఉన్న టేపును పాల్‌లోకి మార్చినప్పుడు కొంత పోయేది. సెకనుకు 24 ఫ్రేముల ఫిల్మును అక్కడి టీవీ వేగానికి సరిపెట్టడానికి అంతకుముందే కొన్ని ఫ్రేములు రెండుసార్లు, కొన్ని మూడుసార్లు చూపించేవారు. దాన్ని మళ్లీ మన లెక్కలోకి తేవడంతో కదలికలో ఓ కుంటినడక వచ్చేది. ఆ పైన కేబుల్ ఆపరేటర్ ఇంటింటికీ లాగిన వైరు, వైరు పొడవునా యాంప్లిఫయర్లు, ఆ వైరు చివర ఓ చిన్న టీవీ. విజయవాడలోనో వరంగల్లోనో అర్ధరాత్రి దాకా మేలుకుని ఆ పాటల్ని వీహెచ్ఎస్‌లోకి ఎక్కించుకున్న కుర్రాడి దగ్గర మిగిలింది మాతృకలో ఎన్నో వంతో లెక్కగట్టడం కూడా కష్టమే. ఈనాడు నెగటివ్ నుంచి తీసిన ప్రతిని చూసి ఇంత వయసొచ్చాక అతను ఎగిరి గంతేస్తే తప్పుపట్టనక్కర్లేదు.

ఇక్కడో చిక్కుముడి ఉంది. ఎనభైల నాటి వీడియోలు చాలావరకు ఫిల్ము మీదే తీశారు. మరి అన్నీ ఎందుకు ఇట్టే మెరిసిపోవు? తీసింది ఫిల్ము మీద, పూర్తి చేసింది టేపు మీద కాబట్టి. షూటింగు అయ్యాక నెగటివ్‌ను కడిగి, దాన్ని టెలిసినీ యంత్రం మీద టేపుకి ఎక్కించేవారు. ఎడిటింగు అంతా ఆ టేపు మీదే. డిజాల్వులు (ఒక దృశ్యం కరిగి ఇంకోటి రావడం), వైప్‌లు (ఒక దృశ్యాన్ని ఇంకోటి పక్కకు తుడిచేయడం), తెర మడతపడి ఎగిరిపోయే విన్యాసాలు, పేర్లు: అన్నీ టేపు మీద కలిపినవే. టీవీ స్టేషన్లకు వెళ్లే మాతృక కూడా టేపే. నెగటివ్‌తో పని అయిపోయింది కాబట్టి దాన్ని డబ్బాల్లో పెట్టి ఎక్కడో పడేసేవారు. సినిమాకైతే నెగటివ్‌నే కత్తిరించి అతికించి చివరి రూపం తెస్తారు. అందుకే సినిమా నెగటివ్ దొరికితే పని సగం అయినట్టే. మ్యూజిక్ వీడియో నెగటివ్ దొరికితే పని అప్పుడే మొదలైనట్టు. గంటలకొద్దీ రష్‌లో, అంటే కత్తిరించని ముడి ఫిల్ములో, పాటలో వాడిన ఆ రెండు సెకన్ల ముక్క ఏదో వెతకాలి, పాత టేపును పక్కన పెట్టుకుని ప్రతి కోతనూ ఫ్రేము తేడా రాకుండా సరిపోల్చాలి, ఆనాటి విన్యాసాలన్నీ కొత్తగా చేసి అతికించాలి. ఒక్క ముక్క నెగటివ్ దొరక్కపోయినా అక్కడ టేపులోని మసక బొమ్మే దిక్కు. రీస్టోర్ చేసిన కొన్ని వీడియోల్లో నిగనిగలాడే దృశ్యాల మధ్య హఠాత్తుగా ఒక షాట్ మబ్బేసినట్టు ఉంటుంది. అది అలా దొరక్కుండా పోయిన ముక్క. నిజాయితీగా చేసిన పనికి అది గుర్తు కూడా.

ఆ-హా బృందం ‘టేక్ ఆన్ మీ’ సంగతి చూస్తే ఈ శ్రమ దేనికో అర్థమవుతుంది. 1985లో స్టీవ్ బారన్ తీసిన వీడియో. లండన్‌లో ఓ కేఫ్‌లో కూర్చున్న అమ్మాయి కామిక్ పుస్తకం తిరగేస్తుంటే బొమ్మలోని కుర్రాడు చెయ్యి చాపి ఆమెను లోపలికి లాక్కుంటాడు. ఆ పెన్సిలు బొమ్మలన్నీ చేత్తో గీసినవి. ముందు మనుషుల్ని మామూలుగా ఫిల్ము మీద తీశారు. ఆ పైన మైకేల్ ప్యాటర్సన్, క్యాండేస్ రెకింజర్ ఫ్రేము వెంట ఫ్రేము తీసుకుని దాని మీద గీశారు. దాదాపు మూడు వేల బొమ్మలు, పదహారు వారాలు. ఈ పద్ధతిని రోటోస్కోపింగ్ అంటారు.

35 ఎంఎం ఫిల్ము నుంచి 4కెలో తీసిన ప్రతి 2019లో వచ్చింది. 2020 ఫిబ్రవరికల్లా వీడియో యూట్యూబ్‌లో వంద కోట్ల వీక్షణలు దాటింది. అంకె కంటే చూడాల్సింది ఆ గీతల్ని. టీవీలో చూసినప్పుడు అవి నల్లగా కదిలే అంచులు. ఇప్పుడు పెన్సిలు ఎక్కడ గట్టిగా నొక్కారో, ఎక్కడ తేలిగ్గా గీకి వదిలారో తెలుస్తుంది. గాయకుడు మార్టెన్ హార్కెట్ చెంప మీది నీడ ఒక ఫ్రేములో ఒకవైపు వాలిన గీతలతో ఉంటుంది, తర్వాతి ఫ్రేములో ఆ గీతల వాలు మారుతుంది. అందుకే ఆ బొమ్మ నిలబడ్డచోట కూడా వణుకుతున్నట్టుంటుంది. ఆ వణుకు ఇన్నాళ్లూ ఏదో టీవీ మాయ అనుకున్నవాళ్లున్నారు. ఇద్దరు మనుషులు రోజుల తరబడి బల్ల ముందు కూర్చుని గీసిన చేతివాటం అది. అమ్మాయి నిజమైన చెయ్యి, బొమ్మ చెయ్యి కలిసే చోట వీడియోను ఆపి చూడాలి. పునరుద్ధరణ అనే మాటకు అర్థం అక్కడ దొరుకుతుంది. కొత్తగా చేర్చిందేమీ లేదు, ఉన్నదానికి అడ్డు తీశారు.

దీనికి పూర్తిగా ఎదురుకొస క్వీన్ పాట ‘బొహీమియన్ రాప్సడీ’ వీడియో. 1975 నవంబరు 10న ఎల్‌స్ట్రీ స్టూడియోలో బ్రూస్ గవర్స్ దర్శకత్వంలో నాలుగు గంటల్లో చుట్టేశారు. ఖర్చు సుమారు 4,500 పౌండ్లు. తీసిందే వీడియో టేపు మీద. నలుగురి ముఖాలూ తేనెపట్టు గదుల్లా పెరిగిపోయే చోట లెన్సు ముందు పలకలు చెక్కిన అద్దం పెట్టారు. ముఖం ఒకదాని వెనక ఒకటిగా దూరానికి జారిపోయే చోట కెమెరాను దాని బొమ్మే కనబడుతున్న మానిటర్ వైపు తిప్పారు. ఎదురెదురు అద్దాల మధ్య నిలబడ్డట్టన్నమాట. ఆ మాయ పుట్టిందే టీవీ గీతల్లో. ఈ వీడియోకి వేరే నెగటివ్ ఎక్కడా లేదు, ఉండదు కూడా. 2019లో వంద కోట్ల వీక్షణలు దాటిన సందర్భంగా దాన్ని హెచ్‌డీగా విడుదల చేశారు. రంగులు తేరుకున్నాయి, గీతల మధ్య దువ్వెన పళ్లలాంటి చీలికలు పోయాయి. అంతకంటే వివరం రాలేదు, రాదు. దాన్ని తక్కువచేసి చూడనక్కర్లేదు. అయితే దాన్నీ ‘టేక్ ఆన్ మీ’నీ ఒకే మాటతో పిలవడం, ఇత్తడినీ బంగారాన్నీ ఒకే త్రాసులో తూచి ఒకే ధర చెప్పడం లాంటిది.

ఈ రెండింటి మధ్య ఇరుక్కున్నది డైర్ స్ట్రెయిట్స్ ‘మనీ ఫర్ నథింగ్’. దీనికీ స్టీవ్ బారనే, 1985లోనే. బృందం కచేరీ దృశ్యాలు బుడాపెస్ట్‌లో తీసి వాటి మీద క్వాంటెల్ పెయింట్‌బాక్స్ అనే యంత్రంతో రంగుల గీతలు దిద్దారు. సామాన్లు మోసే ఇద్దరు డబ్బా మనుషుల్ని ఇయాన్ పియర్సన్, గేవిన్ బ్లెయిర్ బాష్ ఎఫ్‌జీఎస్-4000 అనే కంప్యూటర్ మీద నడిపించారు. ఆ బొమ్మలు పుట్టిందే టీవీ కొలతల్లో. కచేరీ తాలూకు అసలు దృశ్యాలను బయటికి తీసి స్కాన్ చేసినా, వాటి మీద ఆనాడు దిద్దిన నియాన్ గీతల్ని మళ్లీ గీయాల్సిందే. గీస్తే అది పునరుద్ధరణా, పునర్నిర్మాణమా? పాత గోపురానికి కొత్త సున్నం వేయడానికీ, కూలిన బొమ్మ చోట సిమెంటు బొమ్మ నిలబెట్టడానికీ మధ్య ఉన్న తగాదాయే ఇది.

ఆ బాష్ పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. టీవీ స్టూడియోలకు యంత్రాలు చేసిన జర్మనీ సంస్థ బాష్ ఫెర్న్‌సే చేతులు మారుతూ మారుతూ చివరికి డీఎఫ్‌టీ అయింది. ఫిల్మును స్కాన్ చేసే ‘స్కానిటీ’ యంత్రం దానిదే. 2013లో ఆ సంస్థను కొన్నది చెన్నైలోని ప్రసాద్ గ్రూపు. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టిన ఎల్.వి. ప్రసాద్ నాటిన చెట్టు అది. హైదరాబాదు జనానికి ప్రసాద్ అంటే హుస్సేన్‌సాగర్ పక్కనున్న పెద్ద తెరే గుర్తొస్తుంది. ఆ పేరుకు ప్రపంచంలో ఇంకో పని ఉందనీ, దేశదేశాల పాత సినిమాల దుమ్మూ గీతలూ ఫ్రేము ఫ్రేముకీ తుడిచే పని చెన్నైలో వందలమంది కంప్యూటర్ల ముందు కూర్చుని చేస్తూ వచ్చారనీ తెలిసినవాళ్లు తక్కువ.

ఆ తుడిచే పని గురించి నాలుగు మాటలు. నాలుగు నిమిషాల పాటకు సెకనుకు 24 చొప్పున 5,760 ఫ్రేములు. ముందు ఫిల్మును కడుగుతారు. గీతలు బాగా పడితే దాన్ని ఓ ద్రవంలో తడుపుతూ స్కాన్ చేస్తారు. ఆ ద్రవం గీత గాడిలోకి చేరి వెలుగును అక్కడ వంగనివ్వదు, దాంతో పైపై గీత మాయమవుతుంది. తడిసిన గాజు మీద గీత కనబడనట్టే. దుమ్మును పట్టడానికి పరారుణ కిరణాలు వాడతారు. కలర్ ఫిల్ములోని రంగుల పొరల్లోంచి అవి దూసుకుపోతాయి, దుమ్ము దగ్గర ఆగిపోతాయి. ఆగిన చోట్లన్నీ ఓ పటంలా వస్తాయి, సాఫ్ట్‌వేర్ అక్కడికి మాత్రమే చెయ్యి వేస్తుంది. టేపుదైతే వేరే వైద్యం. కొన్నిరకాల పాత టేపుల జిగురు తేమ పీల్చుకుని మెత్తబడి యంత్రానికి అంటుకుపోతుంది. వాటిని యాభై డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచి ఆరబెడతారు. కాస్త కోలుకున్న ఆ కొద్దిరోజుల్లోనే డిజిటల్‌లోకి ఎక్కించుకోవాలి. ఫిల్ముకూ జబ్బులు లేకపోలేదు. అసిటేట్ ఫిల్ము పాడవుతుంటే డబ్బా మూత తీయగానే వినెగర్ వాసన గుప్పుమంటుంది.

యంత్రాల పని ఇంతవరకే. తర్వాతిదంతా అభిరుచి, అక్కడే అభిమానులు రెండు శిబిరాలవుతారు. ఫిల్ములో సహజంగా ఉండే రేణువుల కదలికను గ్రెయిన్ అంటారు. దాన్ని మురికి అనుకుని తుడిచేస్తే దానితోపాటు చర్మం మీది రంధ్రాలు, చొక్కా నేత, జుట్టు పోగులు కూడా పోతాయి. మనిషి మైనపు బొమ్మలా తేలతాడు. బీటిల్స్ 1969 జనవరిలో పాటలు కట్టుకుంటుండగా 16 ఎంఎంలో తీసిన అరవై గంటల దృశ్యాల నుంచి దర్శకుడు పీటర్ జాక్సన్ 2021లో తెచ్చిన ధారావాహిక మీద ఈ ఆక్షేపణ బలంగానే వచ్చింది. 16 ఎంఎం ఫ్రేము 35 ఎంఎంలో దాదాపు నాలుగో వంతే, గ్రెయిన్ పెద్దదిగా కనబడుతుంది. కొత్త తరానికి అది ఇబ్బంది అనుకుని నున్నగా చేశారు. రంగులు చూస్తే నిన్ననే తీసినట్టున్నాయి, ఆ మాటలో మెప్పూ ఉంది, ఫిర్యాదూ ఉంది. 1969 నిన్న కాదు కదా.

అంతకుముందు, 2015లో, బీటిల్స్ యాభై ప్రచార చిత్రాలను బాగుచేసి ఒకచోట చేర్చినప్పుడు ఇంత గొడవ లేదు. 1966లో చిజ్విక్ హౌస్ తోటలో ఫిల్ము మీద తీసినవీ, 1965 నవంబరులో ట్వికెన్‌హామ్‌లో ఒక్కరోజులో నలుపు తెలుపు టేపు మీద తీసినవీ, 1968 సెప్టెంబరులో రంగుల టేపు మీద తీసిన ‘హే జూడ్’, అన్నీ అందులో వరసగా ఉంటాయి. తోటలో ఆకులు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. ‘హే జూడ్’లో పియానో చుట్టూ మూగిన జనం ముఖాలు మెత్తగానే ఉంటాయి. దేనికి తగ్గ మెరుగు దానికి పెట్టి వదిలేశారు. ఆ సంకలనంలో మెచ్చుకోవాల్సింది ఆ నిగ్రహం.

నిగ్రహం లేని పనులు రోజూ కనబడుతున్నాయి. కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్‌కి పాత వీడియో అప్పగిస్తే మసక ముఖానికి అదే కళ్లూ కనురెప్పలూ అల్లిపెడుతుంది. అల్లినవి ఆ మనిషివి కావు, అది నేర్చుకున్న వేల ముఖాల సగటు. దూరంగా నిలబడ్డ బేస్ గిటారిస్టుకి ఒక్కోసారి ఆరో వేలు మొలుస్తుంది. సెకనుకు 24 ఫ్రేములను 60కి పెంచి మధ్య ఫ్రేముల్ని పుట్టించడం ఇంకో పిచ్చి. దానితో కచేరీ కాస్తా సీరియల్ షూటింగులా తయారవుతుంది. చదరపు టీవీ కోసం కూర్చిన ఫ్రేమును వెడల్పాటి తెర కోసం పైనా కిందా కోసేయడం మూడోది. పాడేవాడి తల, గిటారు వాయించే వేళ్లు సరిగ్గా ఆ కోతలోనే పోతుంటాయి. అక్కడే వాటిని చూడాలని ముప్ఫై ఏళ్లు ఎదురుచూసినవాడికి ఎలా ఉంటుంది? ‘మాయాబజార్’కు 2010లో రంగులు అద్దినప్పుడు మన దగ్గర నడిచిన వాదన చాలామందికి గుర్తుండే ఉంటుంది. అక్కడ కనీసం రంగులు అద్దామని చెప్పే అద్దారు. ఇక్కడ లేని వివరాన్ని అల్లి, తవ్వి తీశామని చెబుతున్నారు.

ఈ పనులన్నిటి వెనకా డబ్బు లెక్క ఉంది. అందులో దాపరికం లేదు. 2019 జూన్‌లో యూట్యూబ్, యూనివర్సల్ మ్యూజిక్ కలిసి దాదాపు వెయ్యి పాత వీడియోలను హెచ్‌డీకి తెస్తామని ప్రకటించాయి. 2024 అక్టోబరులో పింక్ ఫ్లాయిడ్ రికార్డింగుల హక్కులు సుమారు 40 కోట్ల డాలర్లకు సోనీ చేతికి వెళ్లినట్టు వార్తలొచ్చాయి, ఏడు నెలలు తిరక్కుండా పాంపే చిత్రం థియేటర్లకొచ్చింది. అంత పెట్టి కొన్నవాళ్లు గోదాంలోని డబ్బాలు తెరిచి చూడకుండా ఉంటారా? అభిమానికి ఇందులో నష్టం లేదు. హక్కులు ఎవరి దగ్గరున్నాయో తేలని బృందాల నెగటివ్‌లు మాత్రం వినెగర్ వాసన కొడుతూ అలాగే పడుంటాయి.

డబ్బా ఉన్నచోట కథ ఇది. డబ్బాయే లేనిచోట అభిమానులే దిక్కయిన సందర్భాలున్నాయి. బీబీసీలో 1964 జనవరి 1న మొదలైన ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ అనే పాటల కార్యక్రమం తొలి పదేళ్ల ఎపిసోడ్లలో అత్యధిక భాగం ఇప్పుడు లేవు. టేపు ఖరీదైనది, మళ్లీ వాడుకోవచ్చు. దాంతో పాతది చెరిపేసి దాని మీదే కొత్తది రికార్డు చేసేవారు. 1973 జనవరిలో గాయకుడు డేవిడ్ బోవీ అక్కడ ‘ది జీన్ జీనీ’ పాడాడు. ఆ టేపూ అలాగే చెరిగిపోయింది. కానీ ఆ రోజు కెమెరా పట్టిన జాన్ హెన్‌షాల్ తను తయారుచేసుకున్న చేపకన్ను లెన్సు పనితనం చూపించుకోవడానికి రెండంగుళాల టేపు మీద ఒక కాపీ తీయించుకుని దాచుకున్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్లపాటు అది తన ఒక్కడి దగ్గరే ఉందన్న సంగతి అతనికే తెలియదు. 2011 డిసెంబరులో ఆ పాట మళ్లీ టీవీలో వచ్చింది. టేపే, 625 గీతలే. అయినా ఆ వారం దాన్ని చూసినవాళ్లెవరూ గీతలు లెక్కపెట్టలేదు.

1966 జూన్ 16న బీటిల్స్ ఆ కార్యక్రమానికి స్వయంగా వచ్చి చేసిన ఒకే ఒక్క ప్రదర్శనకు ఆ అదృష్టం కూడా లేదు. కాపీ ఎవరూ తీయించుకోలేదు. ఇంట్లో టీవీ ముందు 8 ఎంఎం కెమెరా పట్టుకుని కూర్చున్న ఓ కుటుంబం తెర మీది బొమ్మను తీసుకుంది. చిన్న చిన్న ముక్కలుగా, మొత్తం 92 సెకన్లు. శబ్దం లేదు. ఆ రీలు 2019లో బయటపడింది. టీవీ గీతల్ని ఫిల్ము రేణువులు పట్టుకున్న బొమ్మ అది, రెండు మాధ్యమాల బలహీనతలూ ఒక్కచోటే ఉన్నాయి. ఎవరు పాడుతున్నారో తెలుస్తుంది, ఏ పాటో పెదవులు చదివి సరిపెట్టుకోవాలి. అభిమానులు దాన్ని ఆపి, వెనక్కి తిప్పి, పెదాల కదలికకు రికార్డులోని పాటను జతచేసి చూశారు. పాట అతికింది.